స్వచ్ఛందంగా

వల్పరయిసోలో కిటికీ తీస్తే
పొగమంచు కూడా సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టే ఉంటుంది.
మూడో అంతస్తు, ఉపసంఘం గది.
నా పని వినడం కాదు, విన్నది దించడం.
ఇరవై రెండేళ్లుగా దించుతున్నాను,
ఒక్క అభిప్రాయమూ లేకుండా.

ఇవాళ మనిషి శక్తిని పెంచే పరికరాల వంతు.
వాటి మీద చట్టానికి ముసాయిదా,
కొండవీటి చాంతాడంత.
నాలుగో నిబంధనలో ఒక మాట దగ్గర
అందరూ కాస్త ఆగి దాటుతున్నారు,
ఈ ఊరి మెట్ల మీద పడుకున్న కుక్కని దాటినట్టు:
"స్వచ్ఛందంగా."

నోల్బెర్తో కరిమాన్, రేవు కూలీ, యాభై మూడు.
టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.
"బలవంతం ఎవరూ చెయ్యలేదయ్యా.
నడుముకీ తొడలకీ బిగించే ఆ చట్రం
వేసుకోనివాడి పేరు
పొద్దున జాబితాలో పిలవలేదు. అంతే."
ఎవరో నవ్వారు.
'నవ్వు' అని కొట్టాను. నవ్వుకి మా దగ్గర మీట ఉంది.
"నొప్పి తగ్గింది, అబద్ధమెందుకు.
కానీ నడుం నిలబడిన వారానికే
మూట బరువెక్కింది.
నాకిచ్చిన బలం
నా ఒంటికి పట్టకముందే
ఎవరో లెక్కలో రాసేసుకున్నారు."

తర్వాత ఇర్మా ఓయార్సున్. ఒకప్పుడు పెళ్లి గౌన్లు కుట్టేది.
ఆమె తలలోపల సన్నని తీగ,
రొమ్ము పైన చర్మం కింద అగ్గిపెట్టెంత యంత్రం.
అది పెట్టాక చేతుల వణుకు ఆగింది,
ఆరేళ్లపాటు తన సూదికి తనే దారం ఎక్కించుకుంది.
ఇప్పుడు కంపెనీ మూతపడింది.
బ్యాటరీ అడుగంటుతోంది.
ఒప్పందం ప్రకారం
తీగ కంపెనీది, తల ఆమెది.

మంత్రిత్వ శాఖ లాయరు మర్యాదస్తుడు.
"వైద్యం వేరు, మెరుగుదల వేరు,
ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా" అన్నాడు.
"గియ్యండి నాయనా," అంది ఇర్మా,
"ఇది చూశాక గియ్యండి."
సంచిలోంచి చిన్న రిమోట్ తీసి
మీట నొక్కింది.
నీళ్ల గ్లాసు అందుకుంది.

నీళ్లు మైకు మీద, ఆమె మెడ మీద,
లాయరు చొక్కా చేతి మీద.
గాజు పళ్లకి తగిలి తగిలి చేసే చప్పుడు
నా హెడ్‌ఫోన్లలో మరీ పెద్దగా.
నా వేళ్లు గాల్లో ఆగిపోయాయి.
దానికి మా దగ్గర మీట లేదు.

మళ్లీ నొక్కబోతే
ఆమె వేలు మీట మీద నిలవలేదు.
కరిమాన్ లేచి వచ్చి,
అనుమతి అడక్కుండానే, నొక్కాడు.

"రికార్డులో నమోదు చెయ్యండి" అంది అధ్యక్షురాలు.
ఏం నమోదు చెయ్యాలో చెప్పలేదు.

నా సొరుగులోనూ ఒక కాగితం ఉంది.
మణికట్టుకి పట్టీ, నరానికి చిన్న చురక,
నిమిషానికి నూట అరవై మాటలు
రెండువందల నలభై అవుతాయట.
రాత్రుళ్లు నన్ను లేపే మంట ఉండదట.
కింద ఒక గడి, దాని పక్కన అదే మాట.
ఆగస్టు నుంచి కనీస వేగం రెండువందలని
ఇంకో సర్క్యులర్,
వేరే రంగు కాగితం మీద, వేరే సంతకంతో.
నాకూ కావాలి ఆ పట్టీ.
అదే నా చిక్కు.

రాత్రి శుద్ధప్రతిలో రాశాను:
"సాక్షి నీళ్లు తాగడానికి ప్రయత్నించారు.
పదకొండు సెకన్లు."

పొద్దునకల్లా మా పై అధికారి ఎర్రగీత.
"ఇది మాట కాదు, తొలగించగలరు."
గీత పక్కనే పెన్సిలుతో
"తప్పనిసరిగానా, స్వచ్ఛందంగానా?" అని రాసి
తిరిగి పంపాను.

శుక్రవారం దాటింది.
ఫైలు ఇంకా రాలేదు.