తూ–3–41

ఏప్రిల్ దాటితే కృష్ణ సన్నబడతది.
సోమశిల దిగువన, నల్లమల నీడల,
మా ఊరు ఒండ్రులకెల్లి
మోకాళ్ల దాక లేస్తది.
రోలు ఉన్నకాడ్నే ఉంటది.
బర్లను కట్టేసిన గుంజ మొదలు,
పీర్ల కొట్టం పునాది,
చింత మొద్దు, దాని మీద ఎండిన నత్తగుల్లలు.
అమ్మ ఏటేటా పుట్టి ఎక్కి పోయి
అన్నిట్ని పలకరించి వస్తది.
ఒక్క గడపబండనే దొరకదు.
"బండను గూడ బతకనియ్యవేందే" అని
నీళ్లను తిడతది.

నీళ్లొచ్చే ముందు రెండేండ్లు
మా నాయిన మాసన్నకు సర్కారు కొలువు దొరికింది.
సున్నం డబ్బా, ఈతబరిగె కుంచె.
గుడి విప్పుతున్నరు, గుట్ట మీద మల్ల కడతరట.
ఏ రాయి యాడిదో తప్పిపోవద్దు గదా:
తూర్పు గోడ, మూడో వరుస, నలభై ఒకటోది,
తూ–3–41.
బడి ముఖం చూడని నాయినకు
నాలుగు దిక్కులకు నాలుగు అక్షరాలు, పది అంకెలు నేర్పిండ్రు.
ఆ పద్నాలుగు గుర్తులతోనే
బతుకంత వెళ్లదీసిండు.

ఈ లోయల దేనికి లెక్క లేదు?
శాసనంల ఉంది: అఖండ దీపం నెయ్యికి యాభై గొర్లు,
ఇచ్చిన దొరసాని పేరు,
పైన సూర్యుడు, చంద్రుడు.
అలంపురం దాటి తుంగభద్రను కలుపుకొని,
జటప్రోలు దాటి, ఏలేశ్వరం మునిగిన జాగ దాటి,
వాడపల్లి కాడ మూసీని సంకనేసుకొని పోయే ఈ నీళ్లు
ఎన్ని రాజ్యాల కాళ్లు కడిగినయో గని
ఆ గొర్లు కాసినోని పేరు ఏ రాయి మీద లేదు.
మా పాలమూరు తట్టలు దేశమంత కట్టలు పోసినయి.
చిన్నాయిన యాడనో పోసిన కట్ట ఎనక గూడ
ఎవరిదో గడప మునిగే ఉంటది.
ఆ ముచ్చట ఆయన తాగినప్పుడే తీసేటోడు.

గుడి లారీలెక్కింది.
ఇండ్లకు ఎవరూ అంకెలెయ్యలే.
దేవునికి గుట్ట, మాకు పైసలు;
అవి ఆ ఎండకాలం దాటలే.

దవాఖాన మంచం మీద, పోయే రెండు దినాల ముందు,
నాయిన నా చెవిల చెప్పిండు.
తూర్పు గోడ విప్పేనాడు మోకు తెగి
చెక్కుడు లేని వట్టి రాయొకటి పడి పగిలింది.
మేస్త్రి చూడలే.
ఆ రాత్రి ఆయన గడప పెరికిండు.
పసుపు కడిగిండు. సున్నం పెట్టి రాసిండు.
తెల్లారి అదీ లారీ ఎక్కింది.
"కొలత కుదిరింది బిడ్డా,
రెండేళ్ల మందం ఎక్కువైతే చెక్కిండ్రు."

పాత గుడి వాకిట్లకు గూడ
మా వాడోళ్లను రానియ్యకపోయేది.
ఆ మాట నాయిన అనలే.
నేనే యాది చేసుకున్న.

మొన్న అమ్మను తోలుకపోయిన.
ఆడ ఒక పోరడు పట్నమోళ్లకు చూపిస్తున్నడు:
"ఈ గాడి చూడున్రి సార్,
రాజు యుద్ధానికి పోతా కత్తి నూరిన జాగ."
వాళ్లు ఫోటోలు దిగిండ్రు.

వాళ్లు పోయినంక
అమ్మ ఆ గాడిల వేలు పెట్టింది.
కోతల కాలంల పొద్దుగాల్నే
కొడవలి నూరేటామె, పుర్రచేతిది.
గాడి గూడ ఎడమకే వంగి ఉంది.
శానసేపు ఏం మాట్లాడలే.
కొంగుతోని రాయి తుడిచింది.
"ముదనష్టపోడు,
ఇన్నేండ్లు నన్ను ఒండ్రుల తిప్పిండు" అన్నది.