ఎడమ ముందు కాలు

ఓదెలు సముద్రం చూడలేదు.
ఆ మాట ముందే చెప్పేస్తే
మిగతాది చెప్పడం తేలిక.

శివనగర్ అండర్ బ్రిడ్జి దాటాక రేకుల షెడ్డు.
నా పని కిరసనాయిల్లో బ్రష్షులు కడగడం,
విశాఖ బండి ప్యాంట్రీ దిగి
దేవసహాయం వచ్చిన రోజు చాయ్ తేవడం.
ఆయన కూర్చోకముందే ప్రశ్న:
"ఇయ్యాల ఏం రంగుంది?"

"పుదీన చట్నీల నీళ్లెక్కువైనట్టు."
"బియ్యం కడిగిన నీళ్లు."
"ఇయ్యాల బాగలేదన్నా, మాడిన గిన్నె."

తేదీ రాసి, పక్కన వేలెడంత రంగు
గోడకి పూసేవాడు ఓదెలు.
బువ్వ తింటూ దాన్నే చూసేవాడు.

ఆ సముద్రాలు చాపల్లా చుట్టుకొని
పరకాల, నర్సంపేట, జనగామ స్టూడియోలకి
బస్సు టాపుల మీద పోయేవి.
కొత్త జంటలూ, పది పాసైన పిల్లలూ
చెప్పులు విడిచి
ఒడ్డు మీద నిలబడేవారు.

గుర్రాలకి మాత్రం ఎవరినీ అడగలేదు.
స్టేషన్ ముందు జట్కాల అడ్డా,
యాకూబ్ అలీ తెల్లగుర్రం షెహజాది.
నేల మీద చతికిలబడి
గంటలకొద్దీ దాని మోకాళ్లు చూసేవాడు.
అది దాణా నములుతుంటే
తనూ ఉత్త నోరు నమిలేవాడు.

లారీల వెనక, దాబా గోడల మీద,
ఓదెలు గుర్రమంటే
ఎడమ ముందు కాలు గాల్లోనే.
పౌరుషం అన్నారు జనం.
ఒక లీడరు అదే కావాలని
ఇంటి ప్రహరీ అంతా వేయించుకున్నాడు.
షెహజాదికి ఆ కాలు కుంటిదని
నాకూ యాకూబ్‌కీ తెలుసు.
దాని మీద బరువు ఆనించేది కాదు.

ఆటోలొచ్చాయి.
యాకూబ్ జట్కాని కట్టెలకి అమ్మాడు.
గుర్రాన్ని ఎటు తోలాడో అడిగితే
బీడీ వెలిగించుకున్నాడు.
దేవసహాయం రిటైరయ్యాక
గోడ మీద కొన్నాళ్లు తేదీలున్నాయి,
రంగుల్లేవు.

ఇప్పుడు నేను ఫ్లెక్సీ మిషన్ నడుపుతాను.
నీలం అంటే ఒక నంబరు.

మొన్న మట్టెవాడలో మూసేస్తున్న స్టూడియో,
తూకానికి అమ్ముతున్న సామాన్లలో ఒక తెర.
ఎలుకలు ఒక అంచు తిన్నాయి.
చెప్పులు విడిచే విప్పాను.
బియ్యం కడిగిన నీళ్ల రోజుది.
ఒడ్డు లేదు,
నిలబడ్డ పాదాలు అరగదీసేశాయి.

కుడి చివర, కెమెరాకి ఎన్నడూ అందనంత మూలన,
బొటనవేలంత తెల్లగుర్రం,
మోకాళ్ల లోతు నీళ్లలో.
వంగి లెక్కపెట్టాను.
నాలుగు కాళ్లూ ఆనించే ఉంది.