నున్నటి గొట్టం

బందరు కాలువకి నీళ్ళు కట్టేసిన మే నెల.
రాణిగారితోట దగ్గర పూడిక తీస్తుంటే
జేసీబీ పళ్ళకి తగులుకుని వచ్చిందట.
పాతినుము ఏసుపాదం
మూడు సైకిల్ ఫ్రేములు, గేటు ముక్క, విరిగిన జాకీతో కలిపి
నా షెడ్డు ముందు దబ్బున దింపాడు.
"మంచి గొట్టం గురూ, బుష్షులకి పనికొస్తది, కోసిపెట్టు."

ఆటోనగర్ నాలుగో క్రాసులో
ముప్పై రెండేళ్ళుగా లేతు ముందు నిలబడ్డవాణ్ణి.
ఇనుము ముందు బరువు చెబుతుంది, పేరు తర్వాత.
చక్‌లో బిగించబోతూ ఆగిపోయాను.
ఒక కొస లావు, ఒక కొస సన్నం.
నీళ్ళ గొట్టానికి ఎవడూ
అంత శ్రద్ధగా టేపరు తియ్యడు.

మూడు రాత్రులు డీజిల్లో నానబెట్టాం.
ఒండ్రు పొరలు పొరలుగా ఊడింది,
నత్తగుల్లలు, ఒక పిన్నీసు, ఎవరిదో గాజుపూస.
నాలుగో పొద్దున బోల్టు కదిలింది.
ఆ చప్పుడుకి బాజీ టీగ్లాసు వదిలేశాడు.

సుద్దపొడి రుద్దితే అక్షరాలు లేచాయి:
కిరీటం, కింద రాజుగారి పేరుకి మూడు పొడక్షరాలు,
పంతొమ్మిది వందల... తర్వాత రెండంకెలూ తుప్పు తినేసింది.
"త్రీనాట్‌త్రీ!" అన్నాడు బాజీ, సినిమాల్లో చూసినవాడు.
త్రీనాట్‌త్రీ అంటే
నా వెర్నియర్ భాషలో ఏడు పాయింట్ ఏడు.
పెట్టి చూస్తే పది దాటింది.
తుడిచి మళ్ళీ పెట్టాను. పదే, పైన నాలుగు పాయింట్లు.
ఒక కన్ను మూసి టార్చి వేశాను.
గుండుని బొంగరంలా తిప్పి పంపే
మెలికల గాడులు ఉండాలి కదా లోపల,
లేవు.
కొత్త సిలిండర్ లైనర్‌లా నున్నగా,
అటు చివర రూపాయి బిళ్ళంత వెలుతురు.

గుంటూరు బస్సెక్కి మౌలాలి గారింటికి వెళ్ళాను.
రిజర్వు పోలీసుల ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి.
శుక్లాలు తీయించుకుని నల్లద్దాల్లో ఉన్నాడు,
ఫోటో చూపించి లాభం లేదు.
కొలతలు చెప్పాను.
తూటాల పెట్టె ఉండాల్సిన చోట
చెక్కముక్క దిగ్గొట్టి ఉందని చెప్పాను.
ఆయన చేతులు గాల్లోనే బోల్టు లాగి మూశాయి.
"రైఫిలు కాదబ్బాయ్, మస్కెట్టు.
పుట్టడం రైఫిలుగానే పుట్టింది.
తర్వాత గాడులు తీసేయించారు.
మనవాళ్ళ చేతికిచ్చేది కదా,
దూరం పోకూడదు.
ఒకటి పేల్చాక రెండోది చేత్తో పెట్టుకోవాలి.
ఆ చెక్క అందుకే."

తిరుగు బస్సు వారధి మీదున్నంత సేపూ
నాకు తుపాకీ గుర్తుకు రాలేదు.
ఆ పని చేసినవాడు గుర్తొచ్చాడు.
ఏదో కార్ఖానాలో, నాలాగే నూనె చేతులతో
మంచి గొట్టంలోకి రీమరు దింపినవాడు.
ఎంత బాగా తీశాడు, వెంట్రుకంత గీత లేదు!
చెడగొట్టమంటే
అంత శుభ్రంగా ఎలా చెడగొట్టాడు?

నేనూ చేశాను.
మిరపయార్డు వ్యాపారి ఒకడికి
తూకంరాళ్ళ అడుగు తొలిచి సీసం పోసిచ్చాను.
రైతు కంటికి ఆనకుండా ఫినిషింగు చేశాను.
కూలి ముట్టింది.
కొలత మాత్రం తప్పలేదు నేను.

పటమట స్టేషన్లో అప్పగిస్తే
రైటరు రసీదు రాశాడు: "తుప్పుపట్టిన రైఫిల్, ఒకటి."
"రైఫిల్ కాదు సార్" అన్నాను.
"మరి?" అని తలెత్తాడు.
నా వెనక
పర్సు పోగొట్టుకున్నావిడ కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.
"ఏం లేదు సార్" అన్నాను.

ఏసుపాదానికి నాలుగు కిలోల ఇనుము డబ్బులిచ్చేశాను.
చెక్కముక్క ఊడి
డీజిల్ బకెట్ అడుగున ఉండిపోయిందని
ఆ రాత్రి గానీ తెలియలేదు.
ఇంకా తిరిగివ్వలేదు.
అంచు మీద వడ్రంగి పెట్టిన గాటు ఒకటుంది,
సరిగ్గా మధ్యలో.