తరుగు

ఖలీల్ భాయ్ మూడు రోజుల కిరాయికిచ్చిండు.
"ఉంచుకుంటవా, వాపసిస్తవా, ఆదివారం చెప్పు.
పాతదే గని సినిమా కెమెరా. చిన్నగున్నదని చూడకు."
చూసిన.
సద్దిగిన్నె అంత ఉన్నది,
ఒక్క అరచేతిల కూసున్నది.

ఇరవై రెండేండ్లు పెండ్లిళ్లు మోసిన భుజం నాది,
బరువు లేనిదాన్ని నమ్మదు.
మొదటి రోజు హసన్‌పర్తిల, పందిరి కింద,
పిల్ల మేనమామ నా దిక్కు రెండుసార్లు చూసి
"పెద్దది తేలేదా? గిది ఫొటోలదా?" అన్నడు.
లెన్సుకో గొట్టం, గొట్టానికో తొడుగు,
పైన పనిచెయ్యని మైకొకటి తగిలించిన.
అప్పుడుగని ఆయన మీసం దువ్వుకోలేదు.

రెండో రోజు ఎనుమాముల.
తెల్లారకముందే బస్తాలు, బస్తాల మీద మనుషులు,
ఊపిరి పీలిస్తె ముక్కుల నిప్పు.
పెద్ద కెమెరా పట్టుకపోయిన రోజుల్ల
హమాలీలు నవ్వు తెచ్చిపెట్టుకొని నిలబడేది,
అడ్తిదారు నాకు కుర్చీ తెప్పించేది.
ఈసారి ఎవ్వరు లేవలేదు.
సారమ్మ తాలుకాయ ఏరుకుంట ఏరుకుంట
నా కాలును బస్తా అనుకొని పక్కకు నూకింది.
గంత దగ్గరికి నేనెన్నడు పోలేదు.

రాత్రి కంప్యూటర్ల చూస్తె
ఎరుపు ఒక్కటి కాదు.
నా పాతదాంట్ల యార్డంత ఒకటే కుంకుమ ముద్ద.
దీంట్ల తేజ ఎరుపు వేరు, నాటుకాయది వేరు,
వాన తగిలి నల్లబారిన మూల బస్తాది వేరు.
రేకుల బయట మండే ఆకాశమున్నది,
రేకుల లోపట సారమ్మ కండ్ల కింది నీడ గూడ ఉన్నది.
రెండిట్ల ఒకదాన్ని చంపుకొనుడే
ఇన్నేండ్లు నా పని అనుకున్న.

గంతే చెప్పి ఆపితే అబద్ధమైతది.
ఎండల తెర కనబడదు,
తువ్వాల కప్పుకొని గంప కింది కోడిలెక్క తీసిన.
అడ్తిదారు నల్ల గొడుగు
కందగడ్డ రంగుల వచ్చింది.
మనిషి నడిచొస్తె దానంతటది చూపు కుదుర్చుకోదు,
నా వేలు తిప్పాలె,
నా వేలుకు నలభై ఎనిమిదేండ్లు.
చెవుల సంగతి అడగొద్దు:
యార్డంత మాట్లాడుతుంటె
దాని కడుపుల ఫ్యాను చప్పుడే అది వింటది.
ఇగ బ్యాటరీ.

జెండా పాట మొదలైంది.
పరకాల దిక్కునుంచి వచ్చిన కొమ్మాలు ముంగట
మోకాళ్ల మీద ఉన్న నేను,
తెర నిండ ఆయన మొఖమే.
రేటు చెప్పే నోరు తెరుచుకున్నది.
తెర నల్లగైంది.
ముప్పై ఆరు నిమిషాలు. గంతే దాని ఆయుష్షు.

నేను జేబులు తడుముకుంటుంటె
కొమ్మాలే అడిగిండు, ఎటకారం కాదు, నిజంగనే:
"మల్ల చెప్పమందునా సారూ?
రెండోపారి అడిగితె ఎక్కువ చెప్తడేమో."

దడ్వాయి ఓదెలు నా చేతిలకెల్లి దాన్ని గుంజుకొని
కాంటా మీద పెట్టిండు.
"కిలోకు జెర తక్కువ.
తరుగు పోను ముప్పావు రాసుకో."

దేనికెంత తరుగు తియ్యాలెనో
రెండు రాత్రులు లెక్కేసిన.
గొడుగుకు కొంత, చెవులకు కొంత.
నాలుగు బ్యాటరీలకు, రెండు డిస్కులకు
మా ఇంటామె ఎత్తిన చీటీ.
పావుగంట మిర్చిని దించుకునుటానికి
కంప్యూటరు పొద్దందాక గుడ్లు పొదిగినట్టు కూసున్నది.
గని కొమ్మాలు మొఖమున్నది, చెమట గీతతోని సహ,
రేటు వినకముందు మొఖం.
విన్నంక మొఖం లేదు.
అది నా కండ్లల్లనే ఉన్నది, ఎవరికి చూపెట్టను?
దాన్ని కెమెరా తరుగుల రాయాల్నో
నా తరుగుల రాయాల్నో తెలువలే.

ఆదివారం చౌరస్తల ఖలీల్ భాయ్ దుకాణం.
గాలి రంధ్రాలకాడ ఎర్ర దుమ్ము చూసి
ఉఫ్ అని ఊదిండు.
ఇద్దరం తుమ్మినం. మల్ల తుమ్మినం.
"ఏమంటవు మరి?" అన్నడు కండ్లు తుడుసుకుంట.

"ఇంకో రెండు రోజులు," అన్న.