కత్తెర పాఠం

కత్తెర అలా కాదు ఇల్దా, బొటనవేలు అంత లోపలికి తోయకు,
సాయంత్రానికి పొక్కి నీళ్ళు కారుతుంది.
ఇటు చూడు. తోక ఇంత మిగలాలి, ఇక్కడ తెంచాలి,
చేప ఒంటి మీద వెండి చెదరకూడదు.
పొట్ట చిరిగింది మేస్త్రమ్మ కంటబడిందా
ఆ డబ్బా నీ కూలిలో పడుతుంది.

పదిహేడన్నావు కదూ.
అయితే విను, చేతులు ఆపకుండా విను.
మొగుణ్ణి వెతుక్కోవడమంటే చేపల సంతకు పోవడమే.
చీకటితో లేచి పోయినదానికి కళ్ళు మెరిసే చేప,
మిట్టమధ్యాహ్నం పోయినదానికి ఈగలూ, బేరమూ.
దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.
నా మాట కాదు, మా అమ్మ మాట,
ఈ బల్ల దగ్గరే చెప్పింది, ఈ ఉప్పునీళ్ళ కంపులోనే.

తిరునాళ్ళలో గంతులేసేటప్పుడు చూడకు వాణ్ణి,
అప్పుడు అందరూ బాగుంటారు.
ఆదివారం చొక్కాలో చూడకు, అది వాళ్ళమ్మ ఇస్త్రీ.
పడవ ఖాళీగా వచ్చిన రోజు రేవుకు పో.
ఆ రోజు వల ఎలా మడతపెడతాడో చూడు.
దారికడ్డంగా పడుకున్న కుక్కను
తంతాడో, చుట్టు తిరిగి పోతాడో చూడు.
తల్లితో ఎలా మాట్లాడతాడని అందరూ ఆరా తీస్తారు,
నువ్వు మాత్రం వాడి చెల్లెలు వాడితో ఎలా మాట్లాడుతుందో విను.
భయం గొంతులో దాగదు.

ఆ మూడో డబ్బాలో మిరపకాయ మర్చిపోయావు.
లవంగం ఒకటి, కారెట్ బిళ్ళ ఒకటి, మిరపకాయ,
ఆ తర్వాతే నూనె.

నేనా? పద్దెనిమిది నిండీ నిండకుండానే.
పునీత అంతోనివారి బొమ్మను
తలకిందులుగా బావిలో వేలాడదీశాను,
మొగుణ్ణి చూపిస్తేనే పైకి లాగుతానని.
మూడో రోజు బెల్మీరో వచ్చి మంచినీళ్ళడిగాడు.
పాపం, ఆ చలినీళ్ళకు తాళలేక
ఎదురుగా కనబడినవాణ్ణి పంపేసినట్టున్నాడు స్వామి.

మార్చిలో పెళ్ళి. ఏప్రిల్లో కాడ్ చేపల ఓడ.
గ్రీన్లాండ్ దాకా, మంచుగడ్డల మధ్యకు.
అక్కడ మనిషికొక బుల్లి పడవ ఇచ్చి దింపేస్తారట,
పొగమంచులో తనూ, గాలం తాడూ, అంతే.
అక్టోబరులో గడ్డంతో గుమ్మంలో నిలబడేవాడు, ఎవరో అన్నట్టు.
నేను కొత్త పోగొట్టుకునేసరికి మళ్ళీ ఏప్రిల్.
ఇరవై నాలుగేళ్ళు ఇదే వరస.
ఓ రాత్రి నిద్రపట్టక నెలలు లెక్కేశాను,
సగం నాకు, సగం నీళ్ళకు.
పిల్లలు పుట్టినవన్నీ నీళ్ళవంతు నెలలే.

ఇప్పుడు ఓడలు లేవు. ఇంట్లోనే ఉంటాడు,
వంటింట్లో నా కుర్చీలోనే కూర్చుంటాడు.
ఉల్లిపాయంటే గిట్టదట.
పోయిన నెల తెలిసింది నాకు.
ఇన్నేళ్ళూ ప్రతి కూరలో వేశాను,
ఇన్నేళ్ళూ తిన్నాడు, ఒక్క మాట అనకుండా.
కోపం రావాలో, ఏడుపు రావాలో తెలీక
ఆ పూట బంగాళదుంపలు ఉడకేసి ఊరుకున్నాను.
తొందరగానే దొరికాడు ఇల్దా.
తెలియడానికే ఇంతకాలం పట్టింది.

అందుకని ఆగమంటున్నానా?
ఏమో. ఆగినది మా లుసీందా, అదిగో ఆ చివరి బల్ల.
దానికి ఏ ఏప్రిల్లోనూ భయం లేదు,
ఏ అక్టోబరులోనూ గుమ్మంలోకి చూసే పని లేదు.
ఏది మేలో అడుగు, నవ్వుతుంది.
పన్ను నొప్పున్నా అలాగే నవ్వుతుంది అది.

ఆ ఏప్రాన్ జేబులో ఏమిటే? ఉత్తరమా?
ఇక్కడ తియ్యకు, నూనె అంటితే అక్షరాలు పోతాయి.
ఐసు కర్మాగారం వాడి కొడుకా...
వాడికి చెల్లెలుందా?

సరేలే. సైరన్ వినబడలా, ఇంకో పడవొచ్చింది,
ముందు ఈ వరస కానీ.
అంతోనివారి బొమ్మ కావాలంటే మా ఇంట్లోనే ఉంది,
బావి రాయి తగిలి ఒక చెవి పోయింది గాని
రెండో చెవితో బాగానే వింటాడు.
తాడు మాత్రం నువ్వే తెచ్చుకో.