చింతగింజంత

హబ్సిగూడల, మూడో అంతస్తుల
కిటికీలు లేని గది.
ఆడ పగలెప్పుడో రాత్రెప్పుడో
గోడ గడియారం చెప్తది, సూర్యుడు గాదు.
నాలుగు వందల పన్నెండు ఎలుకలు.
వాటి నీళ్ళు, వాటి పొట్టు, వాటి గింజలు
పదిహేడేండ్ల సంది నా చేతి మీదుగనే.

మా ఊర్ల ఆకలైతే
కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి అనేటోళ్ళం.
అవే ఇన్నేండ్లకు బయటికొచ్చి
డబ్బాలల్ల కూసున్నయని
మొదటి దినం నవ్వుకున్న.
తహసీన్ మేడంకు చెప్తే నవ్వలేదు.
రాసుకున్నది.

"ఆకలి యాడుంటది ఆశన్నా?"
కడుపు మీద చెయ్యి పెట్టిన.
ఆమె కనుబొమల నడుమ వేలానించి
"ఇంకా లోపలికి, కింది అరల,
చింతగింజంత జాగ" అన్నది.

ఊకెనే అన్నది.
ఆమెకు తెల్వదు,
కరువు ఏడు మా అవ్వ
చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి
మా దోసిట్లల్ల లెక్కపెట్టి పోసిందని.
నాకు పదకొండు. చిన్నోనికి పదమూడు.

ఆమె పని ఇది:
ఒక పూట గింజలు ఆపుతది.
ఎలుక మెదడుల కొన్ని కణాలు
అరుసుడు మొదలుపెడ్తయి.
గింజ కనబడంగనే, ఇంకా నోట్ల పడకముందే,
టక్కున ఊకుంటయి.
"సగం ఆకలి ఆశతోనే తీరుతది" అన్నది.
నా పేరు మీద ఆమె చేసిన జోకు అదొక్కటే.

కడుపు కాలినప్పుడు ఆ కణాల కొమ్మలకు
సన్న సన్న ముళ్ళు మొలుస్తయట,
తుమ్మకొమ్మకు మొలిచినట్టు.
ప్రతి ముల్లూ పక్క కణం కోసం సాపిన చెయ్యట.
తింటే రాలిపోతయి.
రాలని ముళ్ళ కోసం తొమ్మిదేండ్లు ఎతికింది,
పాలు మరువకముందే పస్తులున్న పిల్లలల్ల.

దొరికినయి.
ఆ కాగితం అచ్చయినంక
ఏ దేశపోళ్ళో వచ్చి చప్పట్లు కొట్టిన్రు.
మందుల కంపెనీ సారు ఒకాయన
ఆకలిని పండబెట్టే సూది ఎప్పుడొస్తదన్నడు.
ఆమె ఆయన్ను అంగన్‌వాడీ గుడ్ల లెక్క అడిగింది:
ఏ నెల నుంచి ఇస్తున్రు, ఏ నెల ఆపిన్రు.
ఆయనకు సమజు గాలేదు.

పోయిన చలికాలం నన్నే పండబెట్టింది
గొట్టం మిషన్ల.
"కడుపు నిండ తిని రా" అంటే
తార్నాకల రెండు ప్లేట్ల పూరీ తిని పోయిన.
కండ్ల ముందు బొమ్మలు.
బిర్యానీ. ఏం లేదు.
డబుల్ కా మీఠా. ఏం లేదు.
సత్తు గిన్నెల జొన్న గట్క,
అంతే, తెర మీద నా చింతగింజ
భగ్గున అంటుకున్నది.

నలభై మూడేండ్ల కిందటి పొయ్యి.

"పాత బాట చెరగదు ఆశన్నా.
కొత్తది పడ్తది. దాని మీద నడువంగ నడువంగ
పాతదాని మీద గడ్డి మొలుస్తది.
నాకు తెలిసింది అంతే."
అంత చదివిన మనిషి, అంతేనా అనిపించింది.
మల్ల అనిపించింది,
అబద్ధమైతే చెప్పలే.

ఇప్పుడు రంజాన్. ఆమెకు రోజా.
పొద్దటి సంది గుక్కెడు నీళ్ళు లెవ్వు,
చేతిల మాత్రం గింజల తూకం.
"ఇయ్యాల మీకు గూడ ముళ్ళు మొలుస్తున్నట్టే గదా?"
"మొలవనీ, మగ్రిబ్‌కు రాలిపోతయి.
ఎప్పుడు తీరుతదో తెలిసిన ఆకలి వేరు."

లిఫ్టు సందుల నుంచి హలీం భట్టీ పొగ.
సైరన్ కూసింది.
మూడు ఖర్జూరాలు నా అరచేతిల పెట్టింది.
రెండు తిన్న.
మూడోది జేబులకు పోయింది.
నేను పెట్టలే, చెయ్యే పెట్టింది,
ఆడ ముందే ఉన్న గుప్పెడు పుట్నాల పక్కన.

ఆమె చూసింది.
నోట్‌బుక్ తెరిచే ఉన్నది.
పెన్నుకు మూత పెట్టింది.

రెండు వందల ఆరో డబ్బాల
ఒక తల్లి ఎలుక పొట్టు తవ్వి తవ్వి
గింజ దాస్తున్నది.