దిల్మున్ కాడ

నిచ్చెన మీద నిలబడి నేర్చుకున్న నేను అరబ్బీ.
అందరిలెక్క సలాంతోని కాదు,
దిల్మున్ తోని.
దాల్, కొడవలి వంపు, ఒంటిగ నిలబడతది.
లామూ మీమూ వావూ ఒక్క రేకుల చేతులు పట్టుకుంటయి.
చివర నూన్:
గిన్నె, దాని మీద తేలిన ఒక్క మెతుకు.

మనామాల ఆ పేరు ఎన్ని గోడలకెక్కించిన్నో లెక్క లేదు.
లాండ్రీ. టైర్ల షాపు. పండ్ల దవాఖాన
(పండ్లంటే నోట్లయి, ఖర్జూరాలు కావు).
గుడ్లూ సిగరెట్లూ అమ్మే కోల్డ్ స్టోరు సేటు
పచ్చ లైటు పెట్టమన్నడు,
"పాత పేరు, బర్కత్ ఉంటది."

భీంగల్ లింబాద్రి నిచ్చెన పట్టుకొని కిందికెళ్ళి అర్థం చెప్పేటోడు.
"దిల్ తెలుసు గదనే. మున్ అంటే మన మున్నే.
మున్నెప్పుడో దిల్లున్న ఊరు!"
వాడు నవ్వితే నిచ్చెన ఊగేది,
మేకు తప్పి నా బొటనవేలికి తగిలేది.
ఆ గోరు ఇప్పటికీ నల్లగనే ఉంది.

ఒకపాలి ఆలీ అనే ఊరికి బోర్డు కట్టబోయినం.
"ఊరి పేరే ఆలి! ఇగ ఇంటికి ఫోనెందుకు" అన్నడు లింబాద్రి.
రోడ్డుకు అటూ ఇటూ మట్టిదిబ్బలు,
ఆరబెట్టి మరిచిపోయిన కుండలోలె, వందలకొద్ది.
కుమ్మరి హాజీ మక్కీ మా బోర్డును చూసి
సారె ఆపిండు.
"నువ్వు మేకులు కొడుతున్న ఊరోళ్ళు
ఇగో, వీటి కింద పండుకున్నరు."

తడిచేతులతోనే చెప్పిండు, సగం ఉర్దూల, సగం సైగల:
దూరదేశపు మట్టిపలకల మీద
రాగిని ఆ పేరుతోనే తూచిండ్రట.
ఒకతీరు గొడ్డలికి అదే పేరు.
పన్ను గుంజేటోనికీ అదే.
కొందరు దేవుళ్ళ తోట అన్నరట,
ఇంకొందరు, అసలు ఆ ఊరు ఇది కాదు,
నీళ్ళకవతలి ఒడ్డు అన్నరట.

"గొడ్డలికీ స్వర్గానికీ ఒక్కటే పేరా?" అని అడిగిన.
హాజీ నా మెడల కార్డు దిక్కు చూసిండు.
"మీ అమ్మ పిలిచే పేరు, కఫీల్ పిలిచే పేరు,
ఒక్కటేనా?"

నేనేం మాట్లాడలే.
మా ఊరు ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగిన యేడు
పేరొక్కటే తడవకుండ గట్టెక్కింది.
సర్కారు గీసిన గళ్ళ ప్లాట్లకు దాన్ని తగిలించిండ్రు.
చేపలోళ్ళు మాత్రం ఇప్పటికీ
నడినీళ్ళల్ల తెప్ప ఆపి
"ఇగో, మీ చావిడి" అంటరు.
కొత్త ఊరును పేరు పెట్టి పిలవరు,
"కాలనీ" అంటరు.

ఆ లాండ్రీ మొన్నటేడు మూతపడ్డది.
ఎక్కించిన చెయ్యితోనే దించమన్నరు.
రేకు పారెయ్యబుద్ధి కాలే.
దాల్ ఒక దుకాణం మొదట్ల సరిగ్గ అతికింది.
నూన్ ఒక సలూన్ చివర్ల కూసున్నది,
దాని మెతుకు మీద రోజూ వెంట్రుకలు రాలుతయి.
నడిమి మూడక్షరాల ముక్కతోని
ఏ మాటా కుదరలేదు.
వర్క్‌షాప్ ఎనక గోడకు ఒరగబెట్టిన.
దానెనక పిల్లి ఈనింది.

లింబాద్రి దమ్మాం పోయిండు.
లాండ్రీ జాగల ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తరు,
బోర్డు మీద వేరే పేరు, నేనే కట్టిన.
అయినా రాత్రి క్యాంపు బస్సుల
నిన్నగాక మొన్న దిగిన నేపాలీ పోరడు
కునికిపాట్ల నుంచి లేచి
డ్రైవర్‌ను కేకేస్తడు: "దిల్మున్, దిల్మున్!"
వాడు ఆ లాండ్రీని సూత చూడలే.

ఫోన్ మోగుతది.
"ఏడున్నవే?" అంటడు దమ్మాం నుంచి లింబాద్రి.
చుట్టూ చూస్త. షట్టరు, ఏసీ నీళ్ళు కారే గోడ,
నేను కొట్టి పీకిన మేకుల తొర్రలు.

"దిల్మున్ కాడ" అంట.